రెడ్ వేస్తే ఫాలో పడాలి

ఏటా అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో, మా ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురం కూర్చుంటాం. భూగోళానికి అవతలి వైపునున్న ఒక ఫుట్‌బాల్ క్లబ్‌కి వచ్చే ఏడాది ఎలాంటి ఆటగాడు కావాలో, ఉన్నవాళ్ళలో ఎవరిని పంపించెయ్యాలో తేలుస్తాం. ఆ క్లబ్ మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు. మేం తేల్చినదాన్ని ఒక్క ఏడాదీ పాటించలేదు. అయినా మా మీటింగ్ ఆగలేదు. పెళ్ళివారు పిలవకపోయినా వచ్చి పులుసులో ఉప్పు చాల్లేదని చెప్పే చుట్టాల్లాంటివాళ్ళం.

నలుగురంటే నేను, మావారు, నన్ను చెల్లె అని పిలిచే వరంగల్ అన్నయ్య, నన్ను అక్కా అని పిలిచే గుంటూరు తమ్ముడు. రక్తసంబంధం ఎవరికీ లేదు. ఒకప్పుడు మెల్‌బోర్న్‌లో ఒకే కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాం. నేను సీట్లు, మావారు డోర్లు, అన్నయ్య బ్రేకులు. తమ్ముడు అప్పుడే చదువు ముగించుకుని సాఫ్ట్‌వేర్ వైపు చేరాడు. నేను చెల్లెనయ్యాక మావారు అన్నయ్యకి బావ అయ్యారు, కాబట్టి ఆయన్ని ఏమైనా అనే హక్కు అన్నయ్యకి వచ్చింది. ఆ హక్కుని ఆయన ఒక్కనాడూ వృథా పోనివ్వలేదు.

ఈ ఏడాది ఆ నలుగురిలో మావారు కూర్చోవాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. మావారికి జ్ఞాపకం పోతోంది. జబ్బు పేరు ఆల్జైమర్స్. అరవై కూడా నిండని మనిషికి వస్తుందా అని అందరూ అడుగుతారు. వచ్చింది మరి.

ముందు ఆట సంగతి చెప్పాలి. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ అంటే రగ్బీ కాదు. ఇక్కడ బర్త్‌డే పార్టీలకి వెళ్ళిన ప్రతిసారీ ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. గుడ్డు ఆకారంలో బంతి, గుడ్డు ఆకారంలోనే పెద్ద మైదానం, రెండు చివరలా నాలుగేసి స్తంభాలు, జట్టుకి పద్దెనిమిది మంది. బంతిని కాలితో తన్నొచ్చు, పిడికిలితో కొట్టి అందించొచ్చు, ఎదుటివాడి భుజాలెక్కి గాలిలో పట్టుకోవచ్చు. మెల్‌బోర్న్‌లో దీన్ని ఆట అనరు. మా ఆఫీసులో మొదటి వారం ఒకాయన వచ్చి, నా పేరు అడక్కుండా నువ్వే క్లబ్ అని అడిగాడు. ఏమీ లేదంటే ఏదో కులం లేని మనిషిని చూసినట్టు చూశాడు. మా అద్దెయింటి దగ్గరి రైలు లైనులో ఏ క్లబ్ ఉంటే అదే నాది అన్నాను. నా పెళ్ళిసంబంధం కూడా అంత తేలిగ్గా కుదరలేదు.

మావారు మొదట నవ్వారు. బంతి గుండ్రంగా కూడా లేని ఆట ఒక ఆటా అన్నారు. రెండో చలికాలానికల్లా వానలో తడుస్తూ, గోల్ తప్పిన ఫార్వర్డ్‌ని తెలుగులో తిడుతూ, గొంతు పోగొట్టుకుని ఇంటికి రావడం మొదలుపెట్టారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. మా క్లబ్‌కి లోటు ఒక్కటే, పొడుగాటి ఫార్వర్డ్ లేడు, అది ఆయన సిద్ధాంతం. పదిహేనేళ్ళుగా అదే. ఇద్దరు పొడుగాటివాళ్ళున్న ఏడాది మూడోవాడు కావాలన్నారు.

అక్కడి కార్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూసేస్తున్న రోజుల్లో మమ్మల్నందరినీ ఒక హాల్లోకి పిలిచి పేర్లు చదివారు. చదివినాయన కాగితం మీంచి తల ఎత్తలేదు. మా పేర్లు ఆ రోజు లేవు, తర్వాత విడతలో వచ్చాయి. కానీ ఇంటికొచ్చాక మావారు అన్నం ముందు కూర్చుని చాలాసేపు తినలేదు. తీసేస్తే తీసేశారు, ఇన్నాళ్ళు పనిచేసిన మనిషి గురించి ఒక్క మంచిమాట అనొచ్చుగా అన్నారు. తర్వాత అన్నయ్య ముందు డెట్రాయిట్ వైపు వచ్చాడు, మమ్మల్ని లాగాడు, మేం తమ్ముణ్ణి లాగాం. కార్లు కట్టడం తప్ప ఇంకేమీ రాని మనుషులం, కార్లున్న చోటికి రాక ఎక్కడికి పోతాం.

ఇక్కడికొచ్చిన మొదటి శరత్కాలంలో ఈ మీటింగ్ పద్ధతి మావారే పెట్టారు. క్యారమ్స్ కాయిన్లు తొమ్మిది నల్లవి, తొమ్మిది తెల్లవి. కలిపితే పద్దెనిమిది. మైదానంలోకి దిగేదీ సరిగ్గా పద్దెనిమిది మందే. ఆ సంగతి ఆయనకి స్ఫురించిన రోజు ఆయన ఆనందం చూడాలి, ఆ క్యారమ్ బోర్డు తయారుచేసినవాడు మా క్లబ్ అభిమానే అయ్యుంటాడన్నారు. పింగ్‌పాంగ్ టేబుల్ మీద పచ్చ టేపుతో గుడ్డు గీసి, రెండు చివరలా స్తంభాలు కూడా గీశారు. కాయిన్ల మీద చిన్న స్టిక్కర్లు అంటించి జెర్సీ నంబర్లు వేశారు. ఇక మిగిలింది రెడ్. అది ఆ ఏడాది మాకు కావాల్సిన కొత్తవాడు.

క్యారమ్స్ ఆడినవాళ్ళకి తెలుసు. రెడ్ వేస్తే సరిపోదు, వెంటనే ఇంకో కాయిన్ వేసి ఫాలో చెయ్యాలి. లేకపోతే రెడ్ తిరిగి మధ్యలోకొచ్చి కూర్చుంటుంది. మా రూలూ అదే. రెడ్‌ని బల్ల మీద పెట్టినవాళ్ళే ఒక కాయిన్ తీసి డబ్బాలో వెయ్యాలి. వేసే ముందు ఆ పోతున్నవాడి గురించి ఒక మంచిమాట చెప్పాలి. మంచిమాట రాకపోతే ఫాలో పడనట్టే. ఈ మంచిమాట దగ్గర నేను ఎప్పుడూ ఇబ్బంది పడేదాన్ని. చేతగానివాణ్ణి చేతగానివాడనడం నాకు వచ్చినంత బాగా ఇంకేదీ రాదు. మావారు మాత్రం ఎంత పనికిమాలినవాడికైనా ఒకటి వెతికేవారు. ఒకసారి ఏడాదంతా బెంచీ మీదే కూర్చున్న కుర్రాడి గురించి, వానలో కూడా తోటివాళ్ళకి నీళ్ళు అందించడం మానలేదు అన్నారు.

ఈ ఆటలో ఇంకో విచిత్రముంది. అందరికంటే అడుగున నిలిచిన జట్టుకే కొత్త కుర్రాళ్ళని ఏరుకునే మొదటి అవకాశం ఇస్తారు. పంక్తిలో చివర కూర్చున్నవాడికి ముందు వడ్డించడమన్నమాట. మా క్లబ్ ఎన్నడూ అడుగున నిలవదు, పైనా నిలవదు. మధ్యలో విస్తరి ముందేసుకుని పులుసు ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉంటుంది. అందుకే మాకు వాదించుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. అన్నయ్య డిఫెన్స్ మనిషి. ఇంటికి తలుపు లేనప్పుడు లోపల ఎంత బంగారముంటే ఏంది అంటాడు. తమ్ముడు ల్యాప్‌టాప్ మనిషి, ఎవడు ఎన్ని తన్నాడో శాతాలు చెబుతాడు. నేను మధ్యలో బంతి పైకి లేచినప్పుడు ఎగిరే రక్‌మన్ గట్టిగా లేకపోతే మిగతావన్నీ దండగంటాను. ఇంకా ఆటలోకే రాని పిల్లల గురించి సాయంత్రం దాకా కొట్టుకునేవాళ్ళం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

పోయిన ఏడాది మీటింగ్‌లో మావారు రెడ్ తీసి ముందు వరసలో పెట్టి, ఒక ఫార్వర్డ్ పేరు చెప్పారు. ఎప్పుడో ఆట మానేసిన మనిషి పేరది. మేం మెల్‌బోర్న్‌లో ఉన్నప్పుడు వచ్చి, అక్కడుండగానే వెళ్ళిపోయాడు. మేం ముగ్గురం పగలబడి నవ్వాం. అన్నయ్య అయితే, "బావా, పాత చింతకాయ పచ్చడి మళ్ళ తీసినవా" అని, ఆ జోక్‌ని అలాగే పట్టుకుని, ఆ పాత ఫార్వర్డ్ ఎందుకు పనికిరాడో గంటసేపు వాదించాడు. మావారూ గట్టిగా వాదించారు. చాలా బాగా వాదించారు.

మామూలు ఇంట్లో అయితే అది అక్కడే పట్టుబడేది. ఒక మనిషి పోయినవాణ్ణి ఉన్నాడంటే ఎవరో ఒకరు మొహం వంక చూస్తారు. కానీ అభిమానుల బుర్రలు వేరుగా పనిచేస్తాయి. పాతవాళ్ళని తవ్వి తియ్యడం, ఆ రోజుల్లో అయితేనా అనడం, లేనివాణ్ణి ఉన్నవాడితో పోల్చడం మాకు రోజూ అన్నం తిన్నట్టే. మా గదిలో ఆయన జబ్బుకి దాక్కోవడానికి బోలెడంత చోటు దొరికింది. నేనూ మొండితనమే అనుకున్నాను. చలికాలంలో ఆయన కూరగాయల కొట్టు నుంచి ఇంటికి దారి మర్చిపోయి, ఎవరిదో డ్రైవ్‌వేలో కారాపి స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే, ఆ ఇంటివాళ్ళు నా నంబరుకి ఫోన్ చేశారు. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

డాక్టరు మంచివాడే, తొందరపడలేదు. ఏది ముందు పోతుందో, ఏది కొన్నాళ్ళు నిలుస్తుందో, చివరికి ఏమవుతుందో వరసగా చెప్పాడు. కొత్తవి ముందు పోతాయట, పాతవి ఆలస్యంగా పోతాయట. మావారు తలూపుతూ విన్నారు. కారెక్కాక, డాక్టరు ఏమన్నాడని నన్ను అడిగారు.

అప్పట్నుంచి నేను అలిసిపోయి ఉన్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. పొద్దున ఆఫీస్‌కి వెళ్ళేలోపు ఒకే ప్రశ్నకి నాలుగైదుసార్లు జవాబు చెబుతాను. మొదటి మూడుసార్లు ప్రేమగా చెబుతాను. పగలు ఆయన దగ్గర ఒకామె ఉంటుంది, సాయంత్రం నేను రాగానే ఆమె వెళ్ళిపోతుంది. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు బ్రేక్ తీసుకోవాలి" అంటుంది. ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పదు. సంబంధం లేనివాళ్ళు ధైర్యం చెబుతారు. ఎద్దు పుండు కాకికి నొప్పా.

ఈ అక్టోబరు మొదట్లో తమ్ముడు ఆఫీసు మధ్యలో ఫోన్ చేశాడు. కాసేపు ఆయన ఆరోగ్యం అడిగి, చుట్టూ తిరిగి అసలు మాటకొచ్చాడు.

"అక్కా, ఈసారి మీటింగ్ మా ఇంట్లో పెట్టుకుందామా? బావగారికి స్ట్రెస్ ఎందుకని. నాలుగో సీట్‌కి మా టీమ్‌లో ఒకతను ఉన్నాడు, సిడ్నీలో ఉండొచ్చాడు, గేమ్ బాగా ఫాలో అవుతాడు."

నాకు ఒళ్ళు మండింది. రూల్ పెట్టిన మనిషిని పక్కన పెట్టి, సిడ్నీవాణ్ణి తెచ్చి కూర్చోబెడతాడట. ఆ మాటే అన్నాను. వాడు బిక్కచచ్చిపోయి, అలా కాదక్కా, నీకోసమే అన్నాను, ఒక మధ్యాహ్నమైనా నువ్వు హాయిగా కూర్చుంటావని అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. వాడు చెప్పింది నాకూ కావాలనిపించడమే దానికి కారణం. ఆయన లేకుండా, ఎవరికీ ఏదీ గుర్తు చెయ్యకుండా, ఒక్క మధ్యాహ్నం రక్‌మన్ గురించి అరుచుకోవాలని ఎంత ఆశగా ఉందో. అయినా ఒప్పుకోలేదు. మీటింగ్ మా ఇంట్లోనే, నలుగురమే, వస్తే రండి లేకపోతే మానండని ఇద్దరికీ మెసేజ్ పెట్టాను. అన్నయ్య ఒక బొటనవేలు పంపించాడు.

ఆ ఆదివారం పొద్దున మావారు పెరట్లో మేపుల్ ఆకులు పోగుచేశారు. ఆ పని ఇప్పటికీ చక్కగా చేస్తారు. మధ్యమధ్యలో లోపలికొచ్చి, ఇవాళ ఎవరైనా వస్తున్నారా అని అడిగారు. చెప్పాను. సంతోషించి వెళ్ళారు. మళ్ళీ వచ్చి అడిగారు. నాలుగోసారి నేను గట్టిగానే చెప్పాను, ఆయన కుర్రాడిలా తల దించుకుని మళ్ళీ ఆకుల్లోకి వెళ్ళిపోయారు. ఆ ఏటికి మొదటిసారి హీటర్ వేశాం. ఇల్లంతా ఆ కాలిన దుమ్ము వాసన వస్తుంటే నేను బేస్‌మెంట్‌లోకి వెళ్ళి పచ్చ టేపు ఊడినచోట కొత్తది అంటించాను.

అన్నయ్య సర్వపిండి పట్టుకుని వచ్చాడు. తమ్ముడు ల్యాప్‌టాప్‌తో వచ్చాడు, నా మొహం వంక చూడకుండా బావగారికి దండం పెట్టాడు. మావారు ఇద్దరినీ గుర్తుపట్టారు. తన కుర్చీలో, గోల్ స్తంభాల పక్కన కూర్చున్నారు. తమ్ముడు ఈ ఏడాది జట్టు ప్రకారం కాయిన్లు సర్దుతూ, కొత్త నంబర్ల స్టిక్కర్లు మారుస్తూ, ఈ క్లబ్‌కి ఇప్పుడు వేగంగా పరిగెత్తే మిడ్‌ఫీల్డర్ కావాలని మొదలుపెట్టాడు. అన్నయ్య తలుపు, బంగారం సామెత చెప్పాడు. నేను నా రక్‌మన్ సంగతి చెప్పాను. కాసేపు అంతా ఎప్పటిలాగే ఉంది.

మావారు బల్ల వంక చూస్తూ ఉండిపోయారు. నంబర్లు చదువుతున్నారు, పెదాలు కదులుతున్నాయి. ఆ కాయిన్లలో ఆయనకి తెలిసినవాడు ఒక్కడూ లేడని నాకు అర్థమైంది. కాసేపటికి చెయ్యి చాచి రెడ్ తీసుకుని, పోయిన ఏడాది చెప్పిన పేరే చెప్పారు. పొడుగాటివాడు, పల్లెటూరి పిల్లవాడు, చేతులు చూశారా చాటల్లా ఉంటాయి, బంతి పడితే జారదు అన్నారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే పెద్ద తేడా. తమ్ముడు, వాడి మనసు మంచిదే, ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పి మెల్లగా చెప్పాడు.

"బావగారూ, అతను రిటైర్ అయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు లిస్ట్‌లో లేడు. ఇదిగో చూడండి."

ఆయన చూశారు. స్క్రీన్ చూసి, బల్ల చూసి, మా ముగ్గురి మొహాలూ చూశారు. తప్పు చేశానని తెలిసింది, ఏం తప్పో తెలియలేదు. రెడ్‌ని తీసుకున్నచోటే జాగ్రత్తగా పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. సారీ అన్నారు. ఇరవైతొమ్మిదేళ్ళ కాపురంలో ఆ మనిషి ఫుట్‌బాల్ గురించి ఎవరికీ సారీ చెప్పడం నేను వినలేదు. లేచి వెళ్ళి ఆ ల్యాప్‌టాప్‌ని నేలకేసి కొట్టాలనిపించింది. అదే సమయంలో, ఇక చాలు, ఈయన్ని పైకి తీసుకెళ్ళి పడుకోబెడదామనీ అనిపించింది. నా చేయి ఆయన కుర్చీ మీద ఆనింది కూడా.

అన్నయ్య అప్పుడు బల్ల మీది కాయిన్లన్నీ రెండు చేతులతో ఒక మూలకి తోసేశాడు. స్టిక్కర్లు ఒక్కొక్కటే గోరుతో పీకుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"బావా, యాది తెచ్చుకో. ఫ్యాక్టరీల మనం నలుగురం కలిసిన ఏడు మన సెంటర్ల ఎవరుండె?"

మావారు వెంటనే పేరు చెప్పారు.  వాడి పక్కన ఎవడో చెప్పారు. వెనక ముగ్గురు, ఆ వెనక ముగ్గురు, రెక్కల మీద ఇద్దరు. అన్నయ్య ఒకడి స్థానం తప్పు పెడితే చేత్తో జరిపి సరిచేశారు. నిన్న పొద్దున ఏం తిన్నారో తెలియని మనిషి పద్దెనిమిది మందినీ ఎక్కడివాళ్ళని అక్కడ నిలబెట్టారు, ఎవడు ఎడమకాలితో తంతాడో, ఎవడికి వానలో చేతులు జారతాయో చెబుతూ. తమ్ముడు ల్యాప్‌టాప్ మూసి కుర్చీ కిందకి నెట్టేశాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. 

అలా మేం అప్పట్లో ఎన్నడూ పెట్టుకోని ఆ పాత ఏడాది మీటింగ్ ఇప్పుడు పెట్టాం. మావారి గొంతు లేచింది. నా రక్‌మన్ వాదన విని, నీ రక్‌మన్ ఎగిరి బంతి కొడితే దాన్ని గోల్‌లోకి తన్నేది మీ నాన్నా అన్నారు. మా నాన్నని ఆయన ఆటలోకి లాగి ఎన్నాళ్ళయిందో. అన్నయ్య దొంగకోపంతో బల్ల గుద్దాడు. తమ్ముడు శాతాలు లేకుండా వాదించడం రాక తడబడ్డాడు.

మా ముగ్గురికీ తర్వాత జరిగినవన్నీ తెలుసు. సెంటర్‌లో ఉన్నవాడు మరుసటి ఏడాదే వేరే క్లబ్‌కి పోతాడు. కోచ్‌ని సీజన్ మధ్యలో పంపించేస్తారు. వెనక వరసలో అన్నయ్య మెచ్చుకుంటున్న కుర్రాడికి భుజం పోతుంది. ఏం జరుగుతుందో తెలియక వాదించుకోవడం ఒక రకం అలసట. జరిగిపోయినదాన్ని తెలియనట్టు వాదించడం ఇంకో రకం. గంట గడిచేసరికి నాకు నడుము పడిపోయినట్టయింది. నటించడం కూడా ఒక ఉద్యోగమే.

చివరికి మావారు రెడ్ తీసి నా చేతిలో పెట్టారు. ఈ ఏడాది నీ వంతు, ఆ పల్లెటూరి పిల్లవాణ్ణి నువ్వే పెట్టు అన్నారు. ఆ పిల్లవాడు నాకు బాగా గుర్తు. వచ్చిన కొత్తలో కొన్ని మ్యాచ్‌లు అద్భుతంగా ఆడాడు. ఒక శనివారం, మేమిద్దరం స్టేడియంలో ఉండగానే, గాలిలోకి ఎగిరి కింద పడ్డాడు. మోకాలు తిరిగిపోయింది. రెండుసార్లు ఆపరేషన్ చేసినా మళ్ళీ ముందులా ఆడలేదు. 

నాలో ఓపిక అయిపోయింది. నాటకం అక్కడే తెగిపోయింది.

"వాడు వద్దండీ," అన్నాను. "వాడి మోకాలు నిలబడదు."

అన్నయ్య నా వంక చూసి వద్దన్నట్టు కనురెప్ప కదిపాడు. అప్పటికే అనేశాను. మావారు ఆశ్చర్యంగా నన్ను చూశారు.

"నీకెలా తెలుసు? వాడింకా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదుగా."

నాకెలా తెలుసని చెప్పను. నాకు చాలా తెలుసు. ఏది ముందు పోతుందో, ఏది తర్వాత పోతుందో, చివర ఏమవుతుందో ఒక తెల్లకోటాయన నాకు వరసగా చెప్పాడు. తెలిసినవాటిని మోసుకు తిరగడం తప్ప ఈ ఏడాది నేను వేరే పని చెయ్యలేదు. ఆయనే మళ్ళీ అన్నారు.

"పోనీ, నువ్వన్నట్టే అవుతుందనుకో. ఆడినన్నాళ్ళు ఆడతాడు కదా. తీసుకుందామోయ్."

నేను రెడ్‌ని ముందు వరసలో, స్తంభాలకి ఎదురుగా పెట్టాను. 

ఫాలో అన్నారు మావారు వెంటనే, మంచిమాటతో సహా అన్నారు. ఎవరిని తియ్యాలో వెతకక్కర్లేదు. ఆ స్థానంలో అప్పటికి చాలా ఏళ్ళుగా ఆడుతున్న ముసలి ఫార్వర్డ్ ఒకడున్నాడు, కొత్తవాడొస్తే పోవాల్సింది వాడే. ఆ నల్ల కాయిన్ తీసి అరచేతిలో పెట్టుకున్నాను. మామూలుగా అయితే ఈ చోట నాకు మాట దొరకదు. ఆ రోజు వెతుక్కోకుండానే వచ్చింది.

"చాలా ఏళ్ళు మోశాడు. ఒళ్ళు హూనమైపోయింది. అలిసిపోయానని ఎవరితోనూ అనలేదు. రేపు దిగమంటే రేపూ దిగుతాడు."

మావారు నా అరచేతిలో ఉన్న కాయిన్‌ని చూశారు. తర్వాత నన్ను చాలాసేపు చూశారు. ఆ చూపులో పాత మనిషే ఉన్నాడు, డోర్ల మధ్య సన్నటి సందుని కూడా కంటితో పట్టేసే మనిషి. నా వేళ్ళు విప్పి ఆ కాయిన్ తీసుకుని, డబ్బాలో వెయ్యకుండా తిరిగి బల్ల మీద, రెడ్ పక్కనే పెట్టారు.

"బావా, పందొమ్మిదిమంది అయితరు," అన్నాడు అన్నయ్య. "రూల్ ఒప్పుకోదు."

"రూల్ పెట్టింది నేనే కదా బావా," అన్నారు మావారు. "ఉండనీ. ఇద్దరూ ఆడతారు."

 నేను ఖాళీ డబ్బాకి మూత పెట్టేశాను.